పదిహేడో గొట్టం

బడి వంటగది,
శుక్రవారం, పిల్లల భోజనాలయ్యాక

చిన్నీ,

నీ ఉత్తరం వచ్చి నెలయింది. బతికే ఉన్నావా, లేక ఆ ల్యాబ్‌లో నిన్నే ఏ గొట్టంలోనో పోసి మూత బిగించారా? ఫోన్ చేద్దామంటే మన సంగతి తెలిసిందే. మొదటి నిమిషం కుశలం, రెండో నిమిషం సలహా, మూడో నిమిషానికి పోట్లాట. అమ్మ పోయిన ఏడాది మనిద్దరం చేసుకున్న ఒప్పందమే మేలు. ఏదైనా కాగితం మీదే. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

ఇక్కడ ఎప్పటి గోలే. మూడు వందల మంది పిల్లలు, రెండు పొయ్యిలు, ఒక ఓవెన్, నేను, మా వంట మాస్టారు. ఆయనకు ఈ మధ్య చెవి ఇంకా తగ్గింది. ఉప్పు చాలంటే ఇంకో గుప్పెడు వేస్తాడు.

అసలు సంగతికి వస్తాను. పదిరోజుల కింద మాకు కొత్త పిండి వచ్చింది. గోధుమపిండిలో ఏదో సోయాపిండి కలిపారట, బలమట. సంచి మీద 'పోషక పిండి' అని పెద్దక్షరాలు, ఒక నంబరు, మూలన ఆకుపచ్చ మొలక బొమ్మ. ఆ మొలక నాకు తెలియదనుకున్నావా? నీ కోటు జేబు మీద ఉండేది అదే కదా! రొట్టె ఎంత బాగా పొంగుతోందో చెప్పలేను. ఎప్పుడూ అంచులు వదిలేసే పిల్లలు కూడా రెండోది అడుగుతున్నారు.

మా పిచ్చుకది మాత్రం పాత ఏడుపే. ఎనిమిదేళ్లు వచ్చాయి, జీడిపప్పు పడకపోవడం అలాగే ఉంది. ఇంటి నుంచి డబ్బా, మూలన వేరే బల్ల. దాన్ని పిల్లలు 'డబ్బా బల్ల' అంటారు. అక్కడ ఇదీ, ఇలాంటి జబ్బే ఉన్న ఇద్దరు కవలలూ కూర్చుంటారు. "అమ్మా, అందరి రొట్టె ఒక్కసారి తింటానే" అని రోజూ నా కొంగు పట్టుకుని వేలాడుతోంది.

నీ కంపెనీ పిండే కాబట్టి నిన్నే అడుగుతున్నాను. దాంట్లో జీడిపప్పు లేదుగా? లేదని ఒక్క ముక్క రాయి, మర్నాటి నుంచి పెడతాను.

అక్క

*

ల్యాబ్ క్వార్టర్స్, మూడో అంతస్తు,
బుధవారం

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. పని ఎక్కువగా ఉంది.

ఆ పిండిలో జీడిపప్పు లేదు. అయినా పిచ్చుకకు పెట్టకు. ఇంటి డబ్బానే పంపు.

ఇక్కడ నా కిటికీ కింద మురుగు కాలువకు మూత వేస్తామన్నారు, ఇంకా వేయలేదు. వాసనకు తలుపులు మూసుకుని కూర్చుంటున్నాను. పక్క గదిలో ఉండే ఆవిడ ఖాళీ చేసి వెళ్లిపోయింది. మాట్లాడే మనిషి లేదు.

బావ నడుము నొప్పి తగ్గిందా? బస్సు సీటు మార్పించమని డిపోలో గట్టిగా అడగమను.

ఆ పెట్టకూడదన్న మాట మర్చిపోవద్దు.

చిన్ని

*

బడి వంటగది,
మంగళవారం

ఒసేయ్ చిన్నీ,

ఇదేం జాబే? జీడిపప్పు లేదంటావు, పెట్టకంటావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాలేదు. లేనిది ఎలా పడకుండా పోతుంది? మధ్యలో ఆ మురుగు కాలువ సోదొకటి. నువ్వు ఏదైనా దాచేటప్పుడు ఊళ్లో సంగతులన్నీ చెబుతావు. చిన్నప్పుడు నాన్న కళ్లజోడు విరగ్గొట్టి, అమ్మకు సాయంత్రం దాకా పక్కింటి పిల్లి కథ చెప్పిన దానివి.

మీ గింజ మార్చిన గింజని నాకు తెలుసు. ఇక్కడ టీచర్ల గదిలో రోజూ అదే గొడవ. లెక్కల టీచరమ్మ "మనుషులు గింజల్లో వేలు పెట్టకూడదు, అరిష్టం" అంటుంది. వంట మాస్టారు చెవి ఒగ్గి అంతా విని, "మనం తినే ఏ కూరగాయ దేవుడు చేసినట్టే ఉందమ్మా? అన్నీ మార్చినవే" అన్నాడు. నాకు ఆయన మాటే నచ్చింది. నేను మారిస్తే తప్పనే మనిషిని కాను. నీళ్లు లేని చోట గింజ పండితే ఎవరికి చేదు? కానీ ఏం మార్చారో చెప్పి మార్చాలి. ఆ సంచి అటూ ఇటూ తిప్పి చూశాను. బలం, బలం అని నాలుగు చోట్ల రాశారు, ఏ గింజలో ఏం కలిపారో ఒక్కచోట రాయలేదు. నేను సూప్‌లో మిరియం ఎక్కువైతేనే మూడు వందల మందికి జవాబు చెప్పుకోవాలి. మీకు ఆ బాధ లేదా?

నిన్న పిచ్చుక డబ్బా బల్ల దగ్గర కూర్చుని డబ్బా తెరవలేదు. "నేను రోగిష్టిదాన్నటమ్మా, ముట్టుకుంటే అంటుకుంటుందట" అంది. ఎవరన్నారంటే చెప్పదు. కవలల తల్లి కూడా గేటు దగ్గర ఆపి అడిగింది. "మీ చెల్లెలు అక్కడే కదండీ చేసేది, మా పిల్లలు తినొచ్చంటుందా?" అని. ఏం చెప్పను?

నీకు ఈగ తుమ్మినా భయమే. ఇది ఆ భయమో, నిజంగా ఏదైనా ఉందో తేల్చి రాయి. నసగొద్దు.

అక్క

*

ల్యాబ్ క్వార్టర్స్,
ఆదివారం

అక్కా,

తిట్టు, పడతాను. అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మామూలు సోయాకు పూత సమయంలో నీళ్లు తప్పితే కాయ నిండదు. రాళ్లలో పెరిగే ఒక అడవి మొక్క ఉంది, దానికి ఎండ ఒక లెక్క కాదు. దాని గింజను నిండుగా ఉంచే గుణం ఏ జన్యువులో ఉందో మా వాళ్లు ఆరేళ్లు వెతికి పట్టుకున్నారు. దాన్ని సోయాలో పెట్టారు. మా ప్రయోగం పొలం నువ్వు చూడాలక్కా. పక్క మడి ఎండి వరుగైపోతే ఈ మడిలో మొక్కలు మోకాలెత్తు నిలబడ్డాయి. పెద్దసారు, అంటే మా ల్యాబ్ అధిపతి, ఆ రోజు మట్టిలో చతికిలబడి కాయలు ఒలిచి చూపిస్తూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇది మోసపు పని కాదు. అది నువ్వు నమ్మాలి.

గింజలో కొత్త ప్రొటీన్ వచ్చింది కాబట్టి అది ఎవరికైనా పడదేమో చూడాలి. నా పని అదే. ఫ్రీజర్‌లో ఇరవైనాలుగు గొట్టాలుంటాయి. ఒక్కోదాంట్లో ఏదో ఒక తిండి పడని మనిషి రక్తరసం. పేర్లుండవు, నంబర్లే. ఆ ప్రొటీన్ పూసిన కాగితం పట్టీ మీద ఒక చుక్క వేస్తాం. పడని వాళ్లదైతే నీలం గీత వస్తుంది. ఇరవైమూడింటికి గీత రాలేదు. ఒక గొట్టం పాడైంది, నిబంధన ప్రకారం లెక్కలోంచి తీసేశాం. నివేదిక వెళ్లింది, అనుమతి వచ్చింది. అంతే.

పిచ్చుకకు వద్దన్నది కేవలం జాగ్రత్తకే. దాని ఒళ్లు సున్నితం. కొత్తది ఏదీ తొందరపడి పెట్టకపోవడం మంచిది కదా. కవలల తల్లికి కూడా ఆ మాటే చెప్పు. నా పేరు ఎత్తకు.

చిన్ని

*

పిల్లల ఆసుపత్రి, రెండో వార్డు,
శనివారం

చిన్నీ,

పిచ్చుక బతికింది. ముందు అది రాస్తున్నాను, నీ గుండె ఆగకుండా.

పెట్టింది నేనే. ఇంకెవరినో అనడానికి లేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇరవైమూడు మందికి ఏమీ కాలేదన్నావు, ఒకటి పాడైన గొట్టమన్నావు, మిగతాదంతా జాగ్రత్తన్నావు. నీ భయాలు నాకు తెలిసినవే కదా అనుకున్నాను. గురువారం డబ్బా బల్ల మీద పిల్లలెవరో సుద్దతో ఏదో రాశారు. అది చదివి పిచ్చుక బల్ల కిందకు దూరి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని ఎత్తుకుని లోపలికి తెచ్చి, ఊపిరాడకపోతే తొడలో పొడిచే ఇంజెక్షన్ పెన్ను జేబులో ఉంది కదా అనే ధైర్యంతో, గోరంత ముక్క తుంచి నోట్లో పెట్టాను. అది కళ్లు మూసుకుని నమిలింది. "మెత్తగా ఉందమ్మా" అంది.

మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పెదవి ఉబ్బింది. తర్వాత కళ్లు. తర్వాత ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. పెన్ను పొడిచాను. మొదటిసారి సరిగా దిగలేదు, మాస్టారు నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆయనకు వినపడదు గానీ చూపు చురుకు.

నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ల్యాబ్ తలుపు దగ్గర పెట్టెలో పడేసి ఉంటావు.

డాక్టరు కాగితం మీద 'జీడిపప్పు ఎక్కడో తగిలి ఉండవచ్చు' అని రాశాడు. నా వంటగదిలో జీడిపప్పు లేదు. ఆరేళ్లుగా గడప దాటనివ్వలేదు.

రాత్రంతా దాని మంచం పక్కన కూర్చుని ఒకటే ఆలోచించాను. మూడేళ్ల కింద నువ్వు అడిగితే దాన్ని మీ ల్యాబ్‌కు తెచ్చాను. రంగుల పెట్టె కొనిస్తానని బుజ్జగించి రక్తం తీయించావు. గుర్తుందా?

ఆ పాడైన గొట్టం ఎవరిది?

అక్క

*

ల్యాబ్ క్వార్టర్స్,
సోమవారం

అక్కా,

పిచ్చుకదే. పదిహేడో నంబరు.

పేర్లు ఎవరికీ తెలియకూడదు. కానీ ఆ రోజు అది ఏడుస్తుంటే దాన్ని చంకనేసుకుని ఆ గొట్టం నేనే పట్టుకెళ్లాను. అంటించిన నంబరు చూశాను. మూడేళ్లుగా ఫ్రీజర్ తెరిచినప్పుడల్లా ముందు నా కన్ను దాని మీదే పడేది.

నేను నీకు రాయని మాట ఒకటుంది. ఆ అడవి మొక్క జీడి చెట్టుకు దూరపు చుట్టం. గొట్టాల్లో జీడిపప్పు పడనివాళ్లవి నాలుగున్నాయి. అసలు పరీక్ష మొదలవడానికి వారం ముందు నాకు మనసు ఆగలేదు. ఈ పిండి రేపు బడులకు వెళుతుంది, మన పిచ్చుక తినొచ్చా లేదా అని. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు పదిహేడో గొట్టం బయటకు తీశాను. కరగనిచ్చాను. ఒక చుక్క వేశాను. గీత వచ్చింది. సన్నగా కాదు, గోరు మందాన. పట్టీ చించేసి, గొట్టం మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేశాను. ఎవరు ఏది తీసినా తలుపుకు వేలాడే పుస్తకంలో రాయాలి. తేదీ నిజమే రాశాను. కారణం దగ్గర 'ఐసు దులపడానికి' అని రాశాను.

వారం తర్వాత అసలు పరీక్ష ఇంకొకరు చేశారు. మిగతా ముగ్గురు జీడిపప్పు వాళ్లకూ ఏమీ రాలేదు. పదిహేడుకు మళ్లీ గీత వచ్చింది. అమ్మయ్య, నేను నోరు విప్పకుండానే బయటపడింది అనుకున్నాను. కానీ మాకొక నిబంధన ఉంది. గొట్టం ఒక్కసారే కరగాలి. రెండోసారి కరిగితే రసం చెడి తప్పుడు గీత రావచ్చు, లెక్కలోకి తీసుకోకూడదు. పెద్దసారు పుస్తకం తిరగేసి నన్ను పిలిచాడు.

"ఐసు దులిపినప్పుడు ఇది కరిగిందా అమ్మా?" అన్నాడు.

"కరిగి ఉండొచ్చు సార్" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. గీత అంతకు ముందే వచ్చిందని చెప్పలేదు. చెబితే దొంగతనంగా పరీక్ష చేశానని, గొట్టం ఎవరిదో నాకు తెలుసని ఒప్పుకోవాలి. ఉద్యోగం పోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన పదిహేడు మీద అడ్డగీత కొట్టాడు. నిజంగానే చెడిందేమో, నేను మొదట చూసింది కూడా ఏదో పొరపాటేమో అని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ చెప్పుకున్నాను. అయినా నీకు పెట్టొద్దని రాశాను చూడు, అంటే నమ్మలేదన్నమాట.

ఆ గీతను నేను ముందుగా చూడకపోయి ఉంటే అది లెక్కలో నిలబడేది. ఈ పిండి మీ బడి గుమ్మం ఎక్కేదే కాదు.

నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

చిన్ని

*

ఇల్లు,
గురువారం

నీ ఉత్తరం అందింది.

పిచ్చుక నడుస్తోంది, తింటోంది. మీ బావకు నీ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే బస్సు అక్కడే ఆపేసి నీ క్వార్టర్స్‌కు వస్తాడు.

నువ్వు దొంగతనంగా చూసినందుకు నాకు కోపం లేదు. నేనైనా చూసేదాన్నే. నా కోపం దేనికో విను. నా కూతురికి పెట్టకు అని రాశావు. మూడు వందల మందికి పెట్టుకో అని దాని అర్థం. కవలల తల్లికి జాగ్రత్త అని చెప్పమన్నావు, నీ పేరు ఎత్తొద్దన్నావు. మన పిల్ల ఒక్కతే పిల్లా? ఇంకెవరి పిల్ల ఊపిరో ఈల వేస్తే ఆ తల్లి నీకు అక్క కాదు గనుక నీకు ఉత్తరం రాదు. అంతేనా?

నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. సగం విని సగం వదిలేశాను. గోరంత ముక్కే అనుకున్నాను. అది నేను చచ్చేదాకా నా చేతిలోనే ఉంటుంది. కానీ నేను చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, నువ్వు మంట ముందే చూశావు.

మా వంటగదిలో ఆ సంచులు మూట కట్టి గోడ వైపు తిప్పి పెట్టాను. హెడ్ టీచరు నివేదిక చూపించి "అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా, డాక్టరు కూడా జీడిపప్పే అన్నాడు కదా" అంటున్నాడు. ఈ పిండి వెళ్లే మిగతా పదకొండు బడుల్లో ఇప్పుడు, నేనీ ఉత్తరం రాస్తుండగా, వడ్డిస్తున్నారు.

పెద్దసారుకు చెప్పావా? చెప్పేదాకా నాకు రాయకు.

*

ల్యాబ్ స్టోర్ గది,
మంగళవారం

అక్కా,

చెప్పాను. శుక్రవారం పొద్దున్నే, ఆయన కోటు వేసుకోకముందే చెప్పేశాను. కోటు వేసుకుంటే ఆయన సారు అయిపోతాడు, నేను మళ్లీ 'ఉండొచ్చు సార్' అంటాను.

అరవలేదు. కూర్చోమన్నాడు. పిచ్చుక ఎలా ఉందని అడిగాడు. తర్వాత నిబంధనల పుస్తకం తీసి ఆ పేజీ నా ముందు పెట్టాడు. 'రెండుసార్లు కరిగిన గొట్టం లెక్కకు రాదు.' కింద రాసిన వాళ్ల సంతకం ఉంది. నాదే. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ నియమం రాసింది నేనే. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు.

"ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమని నా మనసుకు తెలుస్తోంది. కానీ నీ నోటి మాట మీద నేను పన్నెండు బడుల తిండి ఆపించలేను. మనసు నివేదికలో రాయడానికి లేదు. నాకు చెడని రక్తం కావాలి, మన చేయి తగలని పరీక్ష కావాలి" అన్నాడు.

అంటే కొత్తగా రక్తం తీయాలి. బయటి వాళ్ల సమక్షంలో, మాది కాని ల్యాబ్‌లో. నేను ఆ గదిలోకి కూడా రాకూడదు. ఆసుపత్రి కాగితం చాలదా అన్నాను. అందులో జీడిపప్పు అని ఉందిగా అన్నాడు. కొత్త రక్తానికి కూడా గీత వస్తే ఆ రోజే ఆపేస్తానని కాగితం మీద రాసి సంతకం చేసిచ్చాడు. దాన్ని ఇందులో పెట్టాను.

నన్ను స్టోర్ గదికి మార్చారు. చేతి తొడుగుల పెట్టెలు సర్దుతున్నాను. విచారణ అయ్యేదాకా ఇదే.

అక్కా, పిచ్చుకను నేను అడగను. నీకు కూడా అడగమని చెప్పను. ఒకసారి రంగుల పెట్టె ఆశ పెట్టి దాని రక్తం తీసుకుని ఏం చేశానో చూశావు. నిద్రలో సూది అని కలవరిస్తోందని బావ ఫోన్‌లో చెప్పాడు. నేను ఎత్తాను. ఆయనకు అంతా చెప్పేశాను. అంతా విని ఫోన్ పెట్టేశాడు.

చిన్ని

*

ఇల్లు,
ఆదివారం

చిన్నీ,

మూడు రోజులు ఆ సంతకం కాగితం పిండి డబ్బా కింద పెట్టి తిరిగాను. తీయడం, చదవడం, మళ్లీ పెట్టడం. వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నా అదే, ఇంట్లో గిన్నెలు తోముతున్నా అదే. మీ బావను అడిగితే "నువ్వే తేల్చుకో, నేనేదంటే అది తప్పవుతుంది" అన్నాడు. మగవాళ్లకు ఈ వరం ఎవరిచ్చారో!

చివరికి సోమవారం పిచ్చుకకే చెప్పాను. జడ వేస్తూ చెప్పాను, నా మొహం దానికి కనపడకుండా. రంగుల పెట్టెలు, బుజ్జగింపులు ఏమీ లేవు. నీ కథ కూడా చెప్పాను. దాచలేదు. "పిన్నికి ముందే తెలుసా?" అంది. తెలుసన్నాను. జడ సగంలో ఉంది.

"సూది ఎంత పొడుగుంటుంది?"

"వేలంత ఉండదు. నొప్పి ఉంటుంది."

"నేను ఇవ్వనంటే?"

"ఎవరూ నిన్నేమీ అనరు. నేను కూడా అనను."

"అప్పుడు కవలలు ఆ రొట్టె తింటారా?"

"మన బళ్లో తినరు. నేను పెట్టను."

"వేరే బళ్లలో నాలాంటి వాళ్లుంటారా?"

"ఉండొచ్చు."

"వాళ్లకు డబ్బా బల్ల ఉందా?"

"తెలీదే తల్లీ."

నేను రిబ్బను కడుతున్నాను, ముడి పడదు. అప్పుడు రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటూ అడిగింది. "ఏ చెయ్యి? కుడి చేత్తో నేను బొమ్మలేస్తాను."

నేను దాన్ని పట్టుకుని ఏడ్చేశాను చిన్నీ. అది "జడ ఊడిపోతోందమ్మా" అని విసుక్కుంది.

బుధవారం ఆ బయటి ల్యాబ్‌కు వెళ్లాం. ఒకావిడ, ఒకాయన, కొత్త మొహాలు. దానిది ఎడమ చెయ్యి. సూది చూడగానే బెదిరి కుర్చీ కిందకు జారింది, మళ్లీ తనే పైకెక్కింది. ఆవిడ గొట్టం మీద నంబరు అంటించబోతుంటే ఇది, "అదేం నంబరు?" అంది. చెప్పకూడదు పాపా అన్నారు. "మా పిన్నికి కూడా చెప్పొద్దు" అంది.

ఇప్పుడు మన చేతుల్లో ఏమీ లేదు. నాకు అన్నం సయించడం లేదు. గీత రాకూడదని మొక్కుకోవాలో, రావాలని మొక్కుకోవాలో కూడా తెలియడం లేదు. రాకపోతే నా బిడ్డ దేనికి ఉబ్బినట్టు? వస్తే ఆ పదకొండు బడుల్లో ఇన్ని రోజులు తిన్న పిల్లల మాటేమిటి?

అక్క

*

ల్యాబ్ క్వార్టర్స్,
శుక్రవారం

అక్కా,

గీత వచ్చింది. మూడు పట్టీల మీద వేశారట, మూడింటికీ.

పొద్దున పదిన్నరకు పెద్దసారు స్టోర్ గదికి స్వయంగా వచ్చాడు. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద నిలబడి, "నీ పదిహేడు నిజమే చెప్పిందమ్మా" అన్నాడు. పదకొండు గంటలకల్లా పన్నెండు బడులకూ ఫోన్లు వెళ్లాయి. భోజనం గంటకు ముందే. ఆ ఫోన్లలో నాలుగు ఆయనే చేశాడు. ఒక బళ్లో ఒక అమ్మాయికి పది రోజుల కింద ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయట, ఏదో పురుగు కుట్టిందని మందు రాశారట. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పటిదాకా తెలిసినంతలో. ఆ అమ్మాయి గురించి విన్నప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

పొలంలో ఆ మొక్కలు ఇంకా నిలబడే ఉన్నాయి. పీకేస్తారా అని అడిగాను. "గింజ ఏం పాపం చేసింది? తొందర మనది. మళ్లీ మొదటి నుంచి వెతుకుదాం, ఈసారి జీడి చుట్టాలు లేని చోట" అన్నాడు. 'వెతుకుదాం' అన్నాడు గానీ అందులో నేను లేను. విచారణలో నేనే అన్నీ ఒప్పుకున్నాను. ఈ సాయంత్రం తాళాలు, కోటు ఇచ్చేశాను. ఆ మొలక బొమ్మ ఉన్న జేబు ఖాళీ చేస్తే అందులో పిచ్చుక చిన్నప్పటి హెయిర్‌క్లిప్ దొరికింది. ఎప్పటి నుంచి ఉందో.

నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియదు. నీ దగ్గరికి వస్తానని అడిగే హక్కు నాకు లేదు, అడగడం లేదు. ఫలితం నీకు నేనే చెప్పాలని రాశాను.

పిచ్చుక ఎడమ చెయ్యి నొప్పి తగ్గిందా?

చిన్ని

*

బడి వంటగది,
బుధవారం

పిన్నీ,

నా చెయ్యి తగ్గింది. అక్కడ నీలంగా మచ్చ వచ్చి తర్వాత పసుపు అయింది. కవలలకు చూపించాను. వాళ్లు ముట్టుకున్నారు, ఏమీ అంటుకోలేదు.

నాకు నీ మీద కోపం ఉండేది, ఇప్పుడు కొంచెమే ఉంది. క్లిప్ తెచ్చి ఇవ్వు. డబ్బా బల్ల మాస్టారు తాత మధ్యలోకి జరిపించాడు. ఇప్పుడు దాని మీద అందరూ కూర్చుంటున్నారు.

పిచ్చుక

చిన్నీ, పైన ఒక్క అక్షరం కూడా నేను చెప్పి రాయించింది కాదు. దానికి కొంచెమే ఉందట, నాకు ఇంకా బోలెడుంది. అడగకు, తగ్గినప్పుడు నేనే చెబుతాను. అందాకా కోపం దాని మానాన అది ఉంటుంది, నువ్వు నీ మానాన మా ఇంట్లో ఉండు. బావ నీ సామాను కోసం ఆదివారం సెలవు పెట్టాడు.

మాస్టారూ నేనూ ఇక్కడ ఒక పద్ధతి పెట్టాం. గంట కొట్టాక, ఎవరి కంచంలోనూ ఏమీ పడకముందు, ఆ రోజు తిండిలో ఏమేమి ఉన్నాయో ఒకరు బల్ల పక్కన నిలబడి పైకి చదవాలి. పిండి ఏ గింజదో, ఆ గింజలో ఏముందో, తెలియనిది ఉంటే తెలియదనే చెప్పాలి. పిల్లలు వింటారు, తర్వాతే తింటారు. మాస్టారుకు చెవి లేదు, ఈ గోలలో అరిచి అరిచి నాకు గొంతు పోయింది.

సోమవారం నుంచి నువ్వు చదువు. గట్టిగా, ఒక్కటి కూడా వదలకుండా.

అక్క